అచ్చం రికార్డులాగే

పోయిన నెల ఒక పొద్దున అమ్మ ఫోన్ చేసి, "మీ మావయ్య వెళ్ళిపోయాడే" అంది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పడక్కుర్చీలో వెనక్కి వాలాడట. అంతే. తమ్ముడి కబురు చెబుతూ అమ్మ ఏడవలేదు. "గొంతు బాగానే ఉందే, నిన్న కూడా చక్కగా మాట్లాడాడు" అని మాత్రం పదే పదే అంది. గొంతు బాగుంటే మనిషి బాగున్నట్టేనని మా ఇంట్లో ఒక నమ్మకం.

నేను తిరువూరులో బస్సు దిగేసరికి బస్టాండులో అదే మాట నడుస్తోంది. వయసు మళ్ళినవాళ్ళు "పాటలాయన పోయాడంట" అంటున్నారు. వాళ్ళ తరవాతివాళ్ళు "రేడియో ఆయన" అంటున్నారు. ఆ ఇద్దరూ ఒకరేనని తెలియనివాళ్ళు కూడా ఉన్నారు.

ముందు పాటలాయన సంగతి చెబుతాను. మా తాతయ్యకి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు ఉండేది. మావయ్యని అందులో కూర్చోబెడితే పాడుకుంటూ కందిపప్పు తూచేవాడట, ఒకరిది ఒకరికి కట్టి ఇచ్చేవాడట. తాతయ్య విసిగిపోయి వదిలేశాడు. మావయ్య ఆర్కెస్ట్రాలో చేరాడు. పెనుగొలనులో పెళ్ళయినా, వినగడపలో వినాయక చవితి పందిరయినా స్టేజీ మీద మావయ్యే. సినిమా పాటని అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడేవాడు. ఆడగొంతు పాడే అమ్మాయి రాకపోతే ఆవిడ వంతు కూడా తనే లాగించేసేవాడు.

మా ఊరి మైకుసెట్టు దుకాణంలో ఒక రికార్డుకి గీత పడి, చరణం మధ్యలో ముల్లు ఎగిరి ఒక మాట దాటేసి అవతలికి దూకేది. మావయ్య ఆ పాట నేర్చుకున్నదే ఆ రికార్డు విని. స్టేజీ మీద కూడా సరిగ్గా అక్కడే దూకేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళు విన్నదీ ఆ రికార్డే. "అచ్చం రికార్డులాగే పాడావయ్యా" అనడమే మా ఊరి బిరుదు. అంతకు మించిన మెప్పు మాకు చేతకాదు.

ఆ మెప్పే ఆయన కొంప ముంచింది. ఊళ్ళో ఎవరికి కోపం వచ్చినా సరే, ఈ మాట అంటాను.

విజయవాడలో రేడియో కోసం గాయకులను ఎంపిక చేస్తున్నారని తెలిసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అక్కడ సినిమా పాటలు కుదరవు. ఒక లలితగీతం నేర్పి పాడమన్నారు. మావయ్య దాన్ని కూడా ఒక పేరున్న గాయకుడి గొంతుతోనే పాడాడు. విన్న పెద్దాయన మర్యాదగానే అన్నాడట: "ఆయన మాకు తెలుసండీ. మీరెలా పాడతారో వినిపించండి."

మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకో గాయకుడి గొంతు వచ్చింది. మూడోసారి నోరు తెరిస్తే ఏదీ రాలేదు. తలవంచుకుని లేచి వస్తుంటే ఆ పెద్దాయనే ఆపి, "ఇందాక మీ పేరూ ఊరూ చెప్పారే, ఆ గొంతు చాలా బాగుంది. అనౌన్సరుగా ప్రయత్నించకూడదూ?" అన్నాడట. అలా మాట్లాడే గొంతు రేడియోకి వెళ్ళింది. పాడే గొంతు ఇంట్లో ఉండిపోయింది.

అనౌన్సరుగా మావయ్య ఎంత గొప్పవాడో విన్నవాళ్ళకి తెలుసు. ఎ.కొండూరు రైతు మిరప తెగులు గురించి కార్డు రాసినా, కాలేజీ పిల్ల పాట కోరినా పేరు తొక్కేయకుండా, ఊరు మింగేయకుండా చదివేవాడు. "పాటని పిలిచి పక్కకి తప్పుకోవాలమ్మా, దారికి అడ్డం నిలబడకూడదు" అని నాకు చెప్పేవాడు. ఇంట్లో మాత్రం మాటలు వస్తున్నప్పుడు రేడియో పెద్దది చేసి, పాట మొదలవగానే తగ్గించేవాడు. ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చి ఎంత బతిమాలినా మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. పెళ్ళిళ్ళలో అడిగితే, "పాడేవాళ్ళు వేరే ఉన్నారమ్మా" అనేవాడు. పొగరనుకున్నాం. నా పెళ్ళిలోనూ పాడలేదని నేను చాలాకాలం గుర్రుగా ఉన్నాను.

కర్మలన్నీ అయ్యాయి, చుట్టాలు వెళ్ళారు. పెరటి అరుగు మీద అత్తయ్యా నేనూ కూర్చున్నాం. ఉన్నట్టుండి అంది, "పోయిన ఎండాకాలం మీ మావయ్య పాడారే."

నేను నమ్మలేదు.

"ఒట్టు. ఆవకాయ పెడుతున్నాం. ముక్కలకి జీడి తీసి ఇస్తున్నారాయన, నేను తుడుస్తున్నా. సన్నగా ఎత్తుకున్నారు. సినిమా పాట కాదు. రేడియోవాళ్ళు అప్పుడు నేర్పారే, అది. నాకు పెళ్ళికి ముందు నుంచీ ఆయన పాట తెలుసు కదా, ఎవరిలా పాడుతున్నారో ఇట్టే చెప్పేసేదాన్ని. ఇదేంటో పోల్చుకోలేకపోయా. 'ఇదెవరి గొంతండీ, నేనెప్పుడూ వినలేదే' అన్నా."

"ఏమన్నాడు?"

"నా వంక చూశారు. 'ఎవరిదో లే' అని నవ్వి ఆపేశారు. ముక్కలన్నీ అయిపోయాక నాకు తట్టింది. మళ్ళీ పాడండీ అని ఎన్నిసార్లు అడిగానో. పాడలా."

అత్తయ్య తప్పేం లేదు. ఎవరి గొంతని అన్నేళ్ళూ మేమంతా అడిగిందే ఆవిడా అడిగింది. అయినా మనిషి జీవితమంతా వెతుక్కున్నది ఎండాకాలం మధ్యాహ్నం ఆవకాయ ముక్కల దగ్గర దొరికితే, విన్నది ఒక్క మనిషి.

"ఎలా ఉంది అత్తయ్యా, ఆ గొంతు?"

"కాస్త బొంగురుగా ఉందే. పైకెళ్ళే చోట వణికింది కూడా. స్టేజీ మీదయితే ఈలలు పడవు." కొంగుతో మొహం తుడుచుకుంది. "బాగుందే. చాలా బాగుంది."

నాకు వినిపిద్దామని కాబోలు, గొంతు సవరించుకుని ఒక పంక్తి పాడింది. ఆగి, "కాదు, ఇలా కాదు" అంది. ఇంకొంచెం కిందికి దించి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ కాదంది.