అద్దానికి అందని వేళ్లు

ధర్మవరంలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దాయన నలభై ఏళ్లు మగ్గం మీద పట్టుచీరలు నేశాడట. కాయలు కాచిన ఆ వేళ్లతో కొబ్బరికాయ పగలగొట్టొచ్చు. ఆయన కొత్త ఫోన్ మోగింది. ఎంత రుద్దినా ఆ అద్దం వాటిని మనిషి వేళ్లుగా గుర్తించలేదు. జన్మలో బజ్జీకన్నా బరువైనది ఎత్తని నా వేలు తగలగానే మాత్రం కుక్కపిల్లలా లొంగిపోయింది.

స్పీకర్‌లో ఆయన కూతురు, హిందూపురం ఆసుపత్రి నుంచి. "ఎత్తవేం నాయనా? కొంచేపటికి నన్ను ఆపరేషన్‌కి తీసకపోతారంట. భయంగా ఉండాది. పోయేముందు ఇంగోసారి చేస్తా."

"నీ ఫోన్‌కు పొగరెక్కువ పెద్దాయనా," అన్నాను.

"దాని తప్పేముండాదప్పా, నా యేళ్లే మొద్దుబారినాయి," అని చేతులు తువ్వాలు కింద దాచుకున్నాడు. "నువ్వు యాడ దిగుతావు?"

"పెనుకొండలో."

ఆయన ఫోన్ వైపు, తర్వాత నా వేలి వైపు చూశాడు.

నేను దిగాను. రైలు కదిలిందో లేదో ఫోన్ మోగింది. ఆయన దాన్ని కిటికీ ఊచల దగ్గర పెట్టి నా వైపు చూశాడు. నా బొజ్జకు ప్లాట్‌ఫారం అదిరిపోయేలా పరిగెత్తి, ఊచల్లోకి వేలు చాచాను.

అది అద్దానికి తగిలిందో లేదో నాకిప్పటికీ తెలియదు.