‘రాదమ్మా’ అన్న సుశీల మేడం

పాత కంప్యూటరు మూత విప్పితే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొడుతుంది. నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఒకటి విప్పాను. ఆ వాసన తగలగానే సుశీల మేడం గుర్తొచ్చి, స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను. ఆవిడ పోయి ఏళ్ళు గడిచాయి. అయినా నాకు ఆ వాసనంటే ఆవిడే.

సికింద్రాబాదులో మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరుకు ఆవిడ ఇన్‌ఛార్జి. గుంటూరు వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నేను అల్వాల్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే కొత్త టెక్నీషియన్ని. కంప్యూటరు మొరాయించిందని ఏ డిపార్టుమెంటు నుంచి కబురొచ్చినా పరుగెత్తడమే మా పని. ఇక బాగుకాదని తెలిసిపోయినా మేమందరం ఒకటే పాట పాడేవాళ్ళం: “చూస్తాం సార్, రేపు రండి.” అలా అంటే ఆ పూటకు తిట్లు తప్పుతాయి. ఆ మాట వింటే మేడానికి ఒళ్ళు మండేది. “రేపటికేం మారుద్ది శ్రీనూ? నీకు భయమేసి ఆ మనిషిని తిప్పుతున్నావంతే” అనేవారు. తిట్లు తినేది నేనా, ఆవిడా అని లోపల గొణుక్కునేవాణ్ణి.

ఒకరోజు అనసూయ అనే పీహెచ్‌డీ విద్యార్థిని నేరేడ్‌మెట్ నుంచి ఆటోలో, సీపీయూ ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. థీసిస్ అంతా అందులోనే ఉంది. ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చింది. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ళ చదువూ గంగపాలే. స్విచ్ వేయగానే హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకుంది. ఆ చప్పుడు వింటే డిస్కు పోయిందని మాకు తెలిసిపోతుంది. ‘రేపు రండి’ నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మేడం వచ్చారు.

“జెర చూడుండ్రి మేడం” అంది అనసూయ. “పరేషాన్ అయితే ఏం లేదు. డి డ్రైవ్‌ల సుత ఒక కాపీ పెట్టిన. సీ పోతే పోనీ, అదుంటది గద?”

అయ్యో అనిపించింది. ఆ రోజుల్లో చాలామంది అలాగే నమ్మేవాళ్ళు. తెర మీద సీ, డి అని రెండు కనిపించినా లోపలున్నది ఒక్కటే డిస్కు. ఒకే బీరువాలో రెండు అరల్లాంటివి అవి.

మేడం కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. “లేదమ్మా. రెండూ ఈ డిస్కులోనే ఉంటాయి. ఇది పోయింది. రాదమ్మా.”

“రేపటికన్న?”

“రేపటికీ రాదు తల్లీ.”

అనసూయ బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు మేడం మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఒక్కరోజు ఆశ ఉంచితే ఈవిడ సొమ్మేం పోయింది! మేడం మాత్రం కదల్లేదు. ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. ఏడుపు కాస్త తగ్గాక, “మీ సార్ దిద్దిన ప్రింట్లు ఉన్నాయా?” అని అడిగారు. కొన్ని గైడు దగ్గర, కొన్ని గదిలో ఉన్నాయంది. “పద, మీ సార్‌తో నేనూ మాట్లాడతా” అని లేచి వెంట వెళ్ళారు. ఆ రోజే మా సెంటర్లో ఆమెకు ఒక కంప్యూటర్ కేటాయించారు. భోజనాల వేళ మేడం ఆ పేజీలు చదివి వినిపిస్తుంటే అనసూయ టైపు చేసేది. ప్రింట్లు దొరకని భాగాలు గుర్తున్నంత మేరకు మళ్ళీ రాసింది. గడువులోపలే థీసిస్ ఇచ్చింది.

మేడాన్ని సమాధి చేసిన రోజు చాలామంది వచ్చారు. ప్రార్థన అయ్యాక అనసూయ నా పక్కకు వచ్చి నిలబడింది. అప్పటికి లెక్చరర్ అయింది.

“మీ తాన్కి రాకముందు ఆ మిషన్‌ను బయట దుకాణాలల్ల సుత చూపించిన అన్నా” అంది. “అందరు రేపు రమ్మన్నోళ్ళే. మేడం ఒక్కలే రాదన్నరు. అందుకే ఆ దినమే మళ్ళ షురూ చేసిన. ఇంకో వారం తిప్పుకుంటే నా పని ఖతమైతుండె.”

అప్పటిదాకా నేను బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

ఇప్పుడు మేడం కూర్చున్న చోట నేను కూర్చుంటున్నాను. ‘రాదు’ అని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ పాత ‘రేపు రండి’ నాలుక చివరిదాకా వస్తుంది. అయినా రాదనే చెబుతాను. చెప్పాక మాత్రం, వాళ్ళ దగ్గర్నుంచి లేచి వెళ్ళను.