పుట్టింటి పెట్ట

నందిగామలో కోళ్ల పెంపకం నేర్పిస్తున్నారట, వెళతానని మా కోడలు అడిగినప్పుడు నేను ఒప్పుకోలేదు. గుప్పెడు నూకలు చల్లితే పెరిగే కోళ్లకు బడి ఏమిటి, బస్సు ఛార్జీలు దండగ అన్నాను. నేను చదివింది మూడో తరగతి. ఆ చదువుతోనే ఇంత సంసారం ఈదాను. కోడలు ఎదురు చెప్పకుండా అన్నం డబ్బా సర్దుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కింది. కొత్తగా షెడ్డు పెట్టుకునేవాళ్లకు అక్కడ ఊరికే నేర్పుతారు.

సాయంత్రం వంట చేస్తూ ఆ రోజు పాఠం నాకు అప్పజెప్పేది. విననట్టే ఉండి అంతా వినేదాన్ని. గుమ్మంలో సున్నం చల్లాలి. షెడ్డులోకి వేరే చెప్పులుండాలి. బయటి నుంచి ఏ కోడి వచ్చినా మూడు వారాలు దూరంగా కట్టి చూశాకే మందలో కలపాలి. ఈ చివరి మాట పాఠం చెప్పే మేడం ఏ రోజూ వదిలేది కాదట.

పత్తి పోసుకునే రేకుల షెడ్డును బాగుచేసి, మధ్యలో ఇనప వల కట్టి, రెండు వైపులా నాటుకోడి పిల్లల్ని వదిలింది. మిరప తోట తెగులుకు పోయింది కనుక ఇంట్లో అందరి ఆశా ఆ షెడ్డు మీదే. పిల్లలుగా ఉన్నప్పుడు తెగులు రాకుండా కళ్లలో చుక్కల మందు వేయించింది. పెద్ద టీకా సూది వేయించాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడే వీరులపాడు వైపు నుంచి మా వియ్యపురాలు వచ్చింది.

మా ఇళ్లలో కూతురు కొత్తగా ఏదైనా మొదలుపెడితే పుట్టింటివాళ్లు గంపలో పెట్టను తెస్తారు. సున్నుండలు, చీర అరుగు మీద పెట్టి, ఎర్రటి పెట్టను కూతురి చేతికిచ్చింది.

"నీ చేత్తో లోపల వదలవే."

కోడలు కదల్లేదు. "కొన్నాళ్లు పెరట్లో కట్టేద్దామే అమ్మా. క్లాసులో అలాగే చెప్పారు."

"ఓసోస్! పుట్టింటి పెట్ట అంటరానిదయిందా? రేపు నేనొచ్చినా పెరట్లోనే కట్టేస్తావేమో!"

కోడలు నా వైపు చూసింది. తల్లీకూతుళ్ల మధ్య అత్త నోరు పెట్టడం మా ఇంట్లో లేదు. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉన్నాను. కోడలు షెడ్డులోకి వెళ్లి వలకు ఒక వైపు పెట్టను వదిలేసింది.

మర్నాడు ఆ పెట్ట ఈకలు ఉబ్బించుకుని మూలన నిలబడింది. ప్రయాణం బడలికలే అంది, కొన్నాళ్లుందామని ఆగిన వియ్యపురాలు. తర్వాత మేత మానేసింది. ఆకుపచ్చగా విరేచనం చేసింది. ఒక ఉదయం తలుపు తీస్తే రోజూ కాళ్లకు అడ్డం పడే కోళ్లు కదల్లేదు. వాటి మధ్య ఒక లేత పెట్ట మెడ వెనక్కి తిప్పుకుని, రేకుల వైపు చూస్తూ గుండ్రంగా తిరుగుతోంది. అది మందలను ఊడ్చేసే కొక్కెర తెగులని నాకు తెలుసు. 

వియ్యపురాలు అరుగు మీద కూలబడింది.

"మా వీధిలో ఒక్కొక్కటే పడిపోతున్నాయే. ఇది బాగానే ఉంది కదా, ఇదైనా నీ దగ్గర బతుకుతుందని తెచ్చా."

కోడలు ఫోన్ తీసి మేడంకి చెప్పింది. ఆవిడ గొంతు మాకూ వినిపిస్తోంది.

"తెగులు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? మీ బ్యాచ్‌లోవాళ్లు ఈ వారమే పెట్టలు కొంటున్నారు."

వియ్యపురాలు చెప్పొద్దని చేతులు జోడించింది. కూతురింటికి తెగులు మోసుకెళ్లిందన్న మాట ఊళ్లో పడితే ఆవిడ తలెత్తుకోలేదు. కోడలు తల్లినే చూస్తూ చెప్పింది.

"మా అమ్మ తెచ్చిన పెట్టతో వచ్చిందండీ. ఆ ఊళ్లో తెగులుంది. మనవాళ్లెవరినీ అక్కడ కొననీయకండి."

వియ్యపురాలు లేచి ఖాళీ గంప చంకన పెట్టుకుంది.

"గంప ఇక్కడే ఉంచండి వదినగారూ, కాల్చేయాలి," అన్నాను. "స్నానం చేసి చీర మార్చుకుని బయల్దేరండి. దారిలో ఎవరి పెరట్లోకీ పోకండి."

"నన్నే తెగులన్నట్టుంది వదినా."

"గంపనన్నాను."

స్నానం చేసింది. భోజనం వద్దని వెళ్లిపోయింది. కోడలు గేటు దాకా కూడా వెళ్లలేదు.

వలకు అవతలి కోళ్లకు ఇంకా ఏ లక్షణమూ లేదు. వాటికి వెంటనే సూది వేయించమని, దక్కితే దక్కుతాయని మేడం చెప్పింది. సూది వేయించి, జబ్బు వైపు కోడలు, రెండో వైపు నేను చూడాలని పంచుకున్నాం. నీళ్ల గిన్నెలు వేరు, చెప్పులు వేరు. ఒకరి చేతిలోది ఒకరం తాకడం మానేశాం. కోడలు రోజూ చచ్చినవాటిని మోసుకెళ్లి, సున్నం పోసి పూడ్చి వచ్చేది.

ఒక ఉదయం నా వైపు కోళ్లన్నీ మేత మీద పడ్డాయి. హమ్మయ్య అనుకునేలోపు ఒకటి పక్కకు జరిగి నోరు తెరిచి ఊపిరి పీల్చింది.

"మీ వైపు ఎలా ఉన్నాయత్తయ్యా?" అని కేకేసింది కోడలు.

బాగున్నాయనే మాట నాలుక మీదికి వచ్చింది. మింగేశాను.

"ఒకటి నోరు తెరుస్తోందే."

అటు నీళ్ల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"దాన్ని పట్టుకుని బయటికి రండి," అంది. "చేతులు కడక్కుండా మళ్లీ లోపలికి పోకండి."

కోడిని పట్టుకున్నాను. చీర కొంగులోంచి కూడా దాని జ్వరం వేడి తగులుతోంది.