బురుజు కాళ్ల మట్టి

కథలాపూర్ దాటాక, వాగొడ్డున మా అత్తగారిల్లు. ఇంటికీ వాగుకూ నడుమ ఒక మట్టి బురుజు ఉండేది. రజాకార్ల కాలంలో మా అత్తకు మామ అయినాయన ఒడిసెల పట్టుకుని దాని మీద కావలి ఉన్నాడట. వాళ్లు వచ్చిందీ లేదు, ఆయన రాయి విసిరిందీ లేదు. బురుజు ఉండబట్టే రాలేదని మా అత్త వాదన. ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేనింకా చూడలేదు.

శత్రువు ముట్టని ఆ బురుజును మేమే తిన్నాం. దాని మట్టి పూసిన గోడ కూలదని ఊళ్లో నమ్మకం. ఏటా బతుకమ్మ ముందు ఆడవాళ్లం తలా ఒక గంప దాని మొదలు దగ్గర తవ్వుకొచ్చి గోడలకు పూసుకునేవాళ్లం. ఊరి గోడలన్నీ నున్నగా ఉండేవి. బురుజు కింద మాత్రం గుహ పడింది.

తెలంగాణ సమ్మె నడిచిన ఏడాది, వానలకు వాగు ఒడ్డును కోసుకుంటూ బురుజు దాకా వచ్చింది. రాళ్ల కట్ట వేయించమని అడగడానికి మా ఆయన మండలాఫీసుకు పోతే సమ్మె అని తాళం వేసి ఉంది. సమ్మె మాకూ ఇష్టమే, రోజూ రోడ్డు మీద కూర్చుని నినాదాలిచ్చేదాన్ని. వాగొక్కటే ఏ సమ్మెలోనూ లేదు. బురుజు పడితే మా ఇంటి మీదే పడుతుందని కోరుట్లలో ఒక గది కిరాయికి మాట్లాడుకున్నాం. అత్త మాత్రం కదలనంది. ఆమెను వదిలి మేమెలా పోతాం?

ఒక పొద్దున రాస్తారోకో నుంచి ఇంటికి వచ్చేసరికి, ఆమె మా పెరటి గోడ మట్టిని గడ్డపారతో రాల్చి, నానబెట్టి, ఆ గుహలో మెత్తుతోంది. నాకు ఒళ్లు మండింది. నిలువ నీడ పోతుంటే ఇదేం పని అని అరిచాను. ఆమె తల ఎత్తలేదు.

"ఇన్నేండ్లు దీని కాళ్లు తవ్వుకున్నం. ఇప్పుడు నిలవడుమంటె ఎట్ల నిలవడ్తదే?"

నా కోపం చల్లారింది. కొంగు నడుముకు దోపుకుని నేనూ మట్టి అందించాను. అది ఆగదని ఇద్దరికీ తెలుసు.

మర్నాటి వానకు బురుజు పెద్ద చప్పుడుతో వాగులోకి ఒరిగింది. మా ఇంటి మీద ఒక్క పెళ్ల కూడా పడలేదు. అత్త గడపలో కూలబడి శోకాలు పెట్టి ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. తర్వాత లేచి, ఇంట్లో మనిషి పోయినట్టే తలారా నీళ్లు పోసుకుంది. మా ఆయన ట్రాక్టర్‌లోకి సామాను ఎక్కిస్తుంటే, తడి వెంట్రుకలతోనే తానూ బండెక్కి నా పక్కన కూర్చుంది.

"పడంగ గుడ మన దిక్కు ఒరగలే, సూసినవా పిల్లా. గిట్ల కాసేటోళ్లు మనకింకెవలున్నరు?"