వరసలో మొదటి బిందె

మా ఎదురింటి వదిన పోయిందని రమీజా ఫోన్ చేసినప్పుడు నేను శింగనమల బస్టాండులో ఉన్నాను. "వదిన లేదక్కా" అంది, అంతే. తర్వాత ఏడుపు తప్ప మాట రాలేదు. పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందని ధర్మవరం చేరాక తెలిసింది. గుండె ఆగిపోయిందన్నారు. ఆ గుండె ఆగుతుందని నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

వదినంటే చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. మగ్గం ఇంటి మనిషి. పొద్దంతా ఇంట్లో కూర్చుని పట్టుదారం కండెలు చుట్టేది, నోరు మాత్రం వీధిలో ఉండేది. మా వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక గానీ, వరసలో మొదటి బిందె వదినదే. రెండోది పక్కింటి రమీజాది. ఎవరైనా తమ బిందెను ముందుకు జరిపితే "ఏమ్మా, నీ బిందెకు కాళ్లొచ్చినాయా?" అనేది. పెళ్లికి పోయినా, తిరనాళ్లకు పోయినా నీళ్లు కనబడితే చెంబు ముంచాల్సిందే. "నీళ్లు కండ్లబడినప్పుడే పట్టుకోవాల. మళ్లా అడిగితే రావు" అనేది.

పోయినేడు వానలయ్యాక హంపి పోదామన్నది కూడా ఆమే. "శని ఆదివారాలు రెండు దినాలు బిందె మొగం చూడకుండా తిరిగొద్దాం పాండి" అంది. బట్టలు కుట్టుకునే రమీజాకు లోతు నీళ్లంటే హడలు. "నన్ను ఏట్లోకి మాత్రం దింపగూడదు వదినా" అని ముందే మాట తీసుకుంది. తీరా అక్కడికి పోయి వదిన సంచి విప్పితే అన్నిటికన్నా పైన వాళ్లమ్మ ఇచ్చిన రాగిచెంబు! మేము నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు.

మొదటి రోజు హాయిగా గడిచింది. రాతి మంటపాల నీడలో చిత్రాన్నం తిని కాళ్లు చాపుకుని పడుకున్నాం. మరుసటి పొద్దున అవతలి ఒడ్డున ఆనెగొంది చూడాలని పుట్టి ఎక్కాం. పుట్టంటే బుట్టలాంటి గుండ్రటి పడవ. ఏరు నిమ్మళంగా ఉంది కాబట్టి వదిన బతిమాలితే రమీజా కూడా ఎక్కింది.

సాయంత్రం ఆనెగొంది చూసి మళ్లీ రేవుకొచ్చేసరికి ఏరు మారిపోయింది. పొద్దున మేము దిగిన మెట్లు కనబడలేదు. పుట్టి నడిపే ఆయన వదినతో కన్నడంలో గబగబా ఏదో అన్నాడు. వదిన పుట్టిల్లు మడకశిర పక్కన, కన్నడం బాగా వచ్చు.

"ఏమంటాండాడు?" అంది రమీజా.

"కదలకుండా కూచోమంటాండాడు, అంతే."

అవతల హంపిలో బస్సు తప్పితే ఆ రాత్రికి మాకు దిక్కు లేదు. ఎక్కాం.

నడి ఏట్లో గాలి లేచింది. పుట్టి గిర్రున తిరగసాగింది. రమీజా కళ్లు మూసుకుని దువా చదువుకుంటోంది. సరిగ్గా అప్పుడే, అంచుదాకా వచ్చిన అన్ని నీళ్లు చూసి, వదిన చెయ్యి ఊరుకోలేదు. చెంబు పట్టుకుని వంగింది. పుట్టి ఆ పక్కకు ఒరిగి నీళ్లు మా ఒళ్లోకి వచ్చాయి. పుట్టాయన అరిచాడు. రమీజా కెవ్వుమని లేచి నిలబడింది.

పుట్టిలో మనిషి నిలబడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మా ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. మా పక్క ఈత నేర్చుకోవడానికి నీళ్లేవి? వదిన చెంబు వదిలేసింది. రెండు చేతులా రమీజా నడుం పట్టి ఒళ్లోకి లాక్కుని అదిమి పట్టింది.

"కూచోవే! నీళ్లు లేని ఊర్లో పుట్టి నీళ్లలో పడి సస్తే జనం నవ్వుతారే!"

ఒడ్డు చేరేదాకా ఆ పట్టు వదల్లేదు, తిట్లూ ఆపలేదు. ఇవాళ మీకు ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ పట్టు చలవే.

ఒడ్డెక్కాక వదిన మెట్ల మీద కూలబడి రమీజా వైపు తిరిగింది. "పైన డ్యాములో నీళ్లు వదిలినారంట. ఆయప్ప ముందే చెప్పినాడు. నీకు చెప్పింటే ఎక్కుతావా? దానిపైన, నా చెయ్యి పడిపోను, నేనే అందర్నీ ముంచబోయినా" అని ఏడ్చింది. రమీజా ఆ చెయ్యి మీద ఒక్కటేసి, ఆ చేతినే పట్టుకుని కూర్చుంది.

"చెంబు పాయె కదా వదినా" అన్నాను.

"పోనీలేమ్మా. ఆడన్నా నిండుగా ఉంటాది" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ.

వదిన పోయాక నిన్ననే మొదటిసారి కొళాయి వచ్చింది. రమీజా తన బిందెను ఎప్పటిలాగే రెండో చోట పెట్టింది. ముందుకు జరపమని వెనకనుంచి ఎవరూ అనలేదు. కొళాయి బుస్సుమని గాలి వదిలి నీళ్లు మొదలయ్యాయి. కింద బిందె లేదు. నీళ్లు ఉత్త బండ మీద పడి వీధిలోకి పారాయి. మా వీధిలో నీళ్లు అట్లా నేలపాలు కావడం నేనెప్పుడూ చూడలేదు. వదిన ఉండుంటే మమ్మల్నందర్నీ కడిగేసేది. రమీజా తన బిందె అంచు పట్టుకుని ఆ నీళ్లనే చూస్తూ నిలబడింది.