మాస్టారి పక్కన చోటు

గుణదల కొండకింద మా వీధిన నడిచే యావన్మంది భక్తులకూ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఎవరి చెప్పులకు వారే పూచీ. కాపలా కాసే మాస్టారు పోయిన మంగళవారం పొద్దున్నే కన్నుమూశారు.

ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఏసుక్రీస్తు అనే మనిషి చరిత్రలో పుట్టనేలేదని లావుపాటి పుస్తకం రాశారు. ఎనిమిదో క్లాసు తప్పిన నేను దాన్ని మా మంచంకోడు కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఆ సంగతి ఆయనకే చెబితే, "పోన్లేరా, ఒకడికన్నా ఆసరా అయింది" అన్నారు.

అలాంటి మనిషి మేరీమాత తిరునాళ్ళకి వాకిట్లో గోనెపట్టా పరిచి, కొండెక్కేవాళ్ళ చెప్పులు కాసేవారు. జతలు విడిపోకుండా పురికొసతో కట్టి, సుద్దముక్కతో అంకె వేసేవారు. సాయం కూచున్న నేను అంకెలు తారుమారు చేస్తే, కాలు చూసి చెప్పు తీసిచ్చేవారు. ఆయన భార్య, అమ్మగారు, భక్తురాలు. ఆవిడ కొండ మీద, ఈయన కొండ కింద.

"ఆయనే లేడంటిరి, వాళ్ళమ్మ పండక్కి మీకేం పనండీ?" అని ఒకసారి గిల్లాను.

"ఆయనకి ఆధారం దొరకలేదురా. ఈ చెప్పులకి దొరికింది. కంకిపాడు నుంచి నడిచొచ్చినయ్, ఆ అరుగుదల చూడు!"

మాస్టారు పోయాక అమ్మగారికి ఒక్కటే దిగులు. సమాధుల తోటలో ఆయన్ని పెట్టాలి, పక్కన తనకీ చోటుండాలి. ఫాదర్ గారిని అడగడానికి వెళితే, ఆయన ముందే చర్చి పెద్ద ఒకాయన అడ్డం పడ్డాడు.

"ఏసయ్యే లేడన్న మనిషికి ఏసయ్య తోటలో చోటేందండీ?"

అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను ఊరుకుంటానా?

"ఆఖరిరోజు ఆస్పత్రిలో మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారండీ. 'దేవుడి సంగతి నాకు తెలీదు, ఆవిడ ఎక్కడికొస్తే నన్నక్కడ పెట్టండ్రా' అన్నారు. మీకు మీ ఆవిడ పక్కన చోటు వద్దా? చెప్పండి, వేరే తోట చూద్దాం."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఫాదర్ గారు కుర్చీలోంచి లేచారు. "తిరునాళ్ళకి మా చుట్టాల చెప్పులూ ఆయనే కాశారు. గేటు పక్కన ఇద్దరికి సరిపోద్ది, పదండి."

ఆ ఆఖరిమాట మాస్టారు అనలేదు. ఆరోజు ఆయనకి స్పృహే లేదు. అక్షరం అక్షరం నా కల్పనే. మట్టివేసి వస్తూ అమ్మగారి దగ్గర ఒప్పుకున్నాను.

"తెలుసులేరా. అంత తిన్నగా ఆయనెప్పుడు మాట్లాడారు?"

అంటూనే ఆవిడ వెనక్కి నడిచి, బస్సులో సీటుకి వేసినట్టు, ఆ పచ్చిమట్టి పక్కన చేతిరుమాలు పరిచారు. గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఒక రాయి పెట్టారు.