తోక కాదు, గడ్డ

తొంభైల మొదట్లో, ఎన్నికల ముందు, నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ప్రొద్దుటూరు ప్రభుత్వాసుపత్రి ప్రసూతి విభాగానికి వేశారు. ఊళ్లో స్కానింగ్ యంత్రం కొత్త. పుట్టేది మగో ఆడో చెప్పమని అడిగేవాళ్లే ఎక్కువ. చెప్పనని అనడంతోనే నాకు సగం పొద్దు గడిచేది.

రాజుపాలెం దగ్గరి గొర్రెల కాపరుల ఇంటి కోడలు లక్ష్మీదేవి అడిగింది మాత్రం అది కాదు. ఏడో నెలకే కడుపు తొమ్మిదో నెలంత ఉందేమని. స్కాన్ చేస్తే ఉమ్మనీరు ఎక్కువగా ఉంది. బిడ్డ వెన్నెముక చివర బత్తాయంత గడ్డ. టెరటోమా అంటాం, గర్భంలోనే మొదలయ్యే అరుదైన కణితి.

వెంట వచ్చిన అత్త ఓబులమ్మ తెర మీదికి వంగి చూసింది. "ఏంది మేడమ్మా, బిడ్డకు తోక మొలుస్తాందా?"

తోక కాదు, గడ్డ అని చెప్పాను. పుట్టేనాటికి అది చాలావరకు క్యాన్సరు కాదు. చిక్కంతా రక్తంతోనే. బిడ్డ రక్తాన్ని గడ్డ లాగేసుకుంటే గుండె అలిసిపోతుంది. మామూలు కాన్పులో గడ్డ చిట్లితే బిడ్డ దక్కడం కష్టం. సిజేరియన్ చేయాలి, పక్కనే పిల్లల సర్జన్ ఉండాలి. ఆ సర్జన్, నా క్లాస్‌మేటే, కర్నూలులో ఉన్నాడు.

భర్త సుంకన్నను పిలిపించాను. ఊళ్లో ఒక పార్టీ మనిషి. ఎన్నికలొస్తే పోలీసులు రెండు వర్గాల వాళ్లనూ బైండోవర్ చేసి రోజూ స్టేషన్‌లో సంతకం పెట్టించేవారు. "నేను యాడికీ కదిలేకి లేదు మేడం. ఎలచ్చన్లు కానీ, పోతాం" అన్నాడు.

లక్ష్మీదేవి బల్ల మీది నుంచే జవాబిచ్చింది. "నా కడుపులోది ఎలచ్చన్ల దాంకా ఆగుతాదా? సంతకాలు నువ్వు పెట్టుకో. నేనూ అత్తా పోతాం."

ఇద్దరూ ఆర్టీసీ బస్సెక్కి మైదుకూరు మీదుగా కర్నూలు చేరారు. తర్వాతిదంతా నా క్లాస్‌మేట్ చెప్పిందే.

వార్డులో ఉంచుకుని బిడ్డ గుండెను మళ్లీ మళ్లీ స్కాన్ చేశారు. అలసట కనబడగానే, నెలలు నిండకముందే సిజేరియన్ చేసి, గడ్డ నలగకుండా కోత పెద్దదిగా పెట్టి, ఆడపిల్లను బయటికి తీశారు. ఇక గడ్డను కోయాలంటే ఓ నెగటివ్ రక్తం కావాలి. బ్లడ్ బ్యాంకులో లేదు. ఓబులమ్మ ప్రతి వార్డు గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగింది. ఒకచోట, నాటుబాంబు తగిలిన బావకు తోడుగా ఉన్నవాడు తనది అదే గ్రూపని లేచాడు. ముఖం చూసి ఆమె వెనక్కి తిరగబోయింది. తమ ఊరివాడే, అవతలి పార్టీ.

"నిలబడు పెద్దమ్మా," అన్నాడట అతను. "మీవోళ్లు అడక్కుండానే మా రగతం కారుస్తాండారు. నువ్వు అడిగినావు. ఇయ్యకుంటే ఎట్ల?"

గడ్డను తోకఎముకతో సహా తీసేశారు. ఆ ఎముకను వదిలేస్తే గడ్డ మళ్లీ రావచ్చు, వస్తే క్యాన్సరు కావచ్చు. వాళ్లు తిరిగొచ్చాక మూడేళ్లపాటు గడ్డ తీసినచోట తడిమి చూడటం, రక్తపరీక్ష చేయించడం నా పనయింది. పిల్ల నా టేబుల్ కింద దూరి, చెప్పులు దాచి సతాయించేది. సుంకన్నా, రక్తమిచ్చిన మనిషీ మాత్రం స్నేహితులేమీ కాలేదు. చెరో పార్టీలోనే ఉండిపోయారు.

గడ్డకు పేరు పెట్టడం మా పనిలో చిన్న భాగం. కాన్పు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతుల్లో జరగాలో, రక్తం ఎవరిస్తారో కూడా ముందే తేల్చాలి. ఆ తర్వాత ఎవరిని కర్నూలుకు పంపినా, రక్తమిచ్చే మనిషి దొరికాకే బస్సెక్కించాను.